మన చుట్టునున్న జీవులు: చెఱువు తాబేలు

నిజామాబాదు జిల్లాలోని కమ్మర్‌పల్లి ప్రాంతము పసుపు పంటకు పేరుపొందినది. పసుపు పరిశోధనాలయము సయితము అచ్చట గలదు. ఆ ప్రాంతపు పల్లెలలోవలెనే తెలుగునాట పెక్కు పల్లెలలో చెఱువో కుంటయో యుండును. వాని బురదలో నివసించు తాబేలును గూర్చి యీ మాసమున వ్రాయదలచితిమి.

శాస్త్రజ్ఞులు దీనికి లిస్సెమిస్ పంక్టాటా యని పేరిడిరి. మెట్టతాబేలునకువలె దీని వీపు రాతివలె గఱకుగా నుండదు. ఎముకపై నున్నని తోలు కప్పియుండును. బాగుగ నెదిగినదాని వీపు పొడవు ఇంచుమించుగా 1 అడుగు. ముక్కుకొన చిన్న గొట్టమువలె నుండుటచే, దేహమంతయు నీట దాచుకొని ముక్కుమాత్రము పైకెత్తి గాలి పీల్చుకొనును. పాదమునకు 3 గోళ్లు మాత్రమే యుండును. పొట్టవైపున వెనుకకాళ్లకడ రెండు తోలు రెప్పలు గలవు. కాళ్లు లోనికి ముడుచుకొనగనే యవి తలుపులవలె మూసికొనును. మన దేశపు మెత్తనివీపు తాబేళ్లలో నిట్టి తలుపులు దీనికొక్కదానికే కలవు. భగవద్గీతయందు స్థితప్రజ్ఞునకు, అవయవములు ముడుచుకొను కూర్మమును ఉపమానముగా జెప్పియుండుట మీ రెఱిగినదే.

కప్పలు, చేపలు, నత్తలు, నీటిపురుగులు, నీటిమొక్కలు దీనికి ఆహారము. చచ్చిన చేపలను, కళేబరములను గూడ తినివేయును. ఇల్లాలు ఇంటిని శుభ్రపఱచుకొనునట్లు ఇది చెఱువును శుభ్రపఱచును. నీరు చెడకుండునని బావులలోను కోనేళ్లలోను తాబేళ్లను విడుచు నాచారమునకు మూల మిదియే.

ఆడుతాబేలు గట్టున గుంట త్రవ్వి, గుండ్రని గట్టి పెంకుగల గ్రుడ్లు కొలదిగా బెట్టి, మన్ను కప్పి వెడలిపోవును. అవి పిల్లలగుటకు నెలలు పట్టును. అంతవఱకు వానికి కాపు భూమాతయే.

దీని బ్రదుకులో మిక్కిలి వింతయైన కాలము వేసవి. చెఱువెండిపోవుచుండగా ఇది వేఱొక నీటిని వెదకుచు గట్టెక్కి నడచును. లేనిచో బురదలో లోతుగా దూరి, కదలక మెదలక, ఒంటిలోని కొవ్వుతోనే ప్రాణము నిలుపుకొని, తొలకరి కెదురుచూచును. పైమన్ను బీటలువాఱియున్నను, దాని క్రింద ప్రాణియున్నదన్న సంగతి మనము మఱువరాదు.

ఏలయన, చెఱువులలో పూడికమట్టి తీయునదియు నా వేసవియందే. ఆ మట్టి పొలములకు బలము, చెఱువునకును మేలు. 2015లో నారంభమైన మిషన్ కాకతీయ పథకమున అనేక గ్రామములలో నీ పని జరిగినది. కాని పలుగుపారలతో త్రవ్వునప్పుడు కంటబడు తాబేలు యంత్రపు కోఱలలో కంటబడదు. బండికెక్కిన మట్టితో పొలము జేరినచో ఎండకు మాడును, లేదా కుక్కల పాలగును.

కావున పొలమున మట్టి చల్లు స్త్రీలు కొంచెము కనిపెట్టి చూతురుగాక. తాబేలు దొరకినచో వీపును ఇరుప్రక్కల రెండుచేతులతో పట్టి, మెడకు దూరముగా నుంచుకొని, తడిగోనెలో చుట్టి, చేరువనున్న నీటిలో విడువవలెను. దాని కాటు గట్టిది. పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తాబేళ్లవలన కడుపుజబ్బుల క్రిములు సోకవచ్చును.

అదృష్టము కలుగునని దీనిని తొట్టిలో నుంచువారు, మాంసమునకై కొనువారు నున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి పట్టికలో దీనిని జేర్చినది. పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు నేరములు. 2022 సవరణ ప్రకారము 3 మొదలు 7 ఏండ్ల వఱకు చెఱసాలయు, 25,000 రూపాయలకు దక్కువగాని జరిమానాయు విధింపబడును.

పిల్లలు తాబేలును దెచ్చి ముంగిట నుంచినప్పుడు, కోపింపక, వారిని వెంటనిడుకొని పోయి, వారి చేతులతోనే దానిని చెఱువులో విడిపింపుడు. వంద నీతికథలకంటె నా యొక్క సాయంకాలము వారికెక్కువ నేర్పునని మా విశ్వాసము.