చక్రాలమీద కాపురం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. చక్రాలమీద ఇల్లు వారి కాలంలో లేదు గనుక, దాన్ని కొని చూడమనలేదు.

అమెరికాలో ఉద్యోగం విరమించినవారు కొందరు ఉన్న ఇల్లమ్మేసి, పడకా వంటిల్లూ స్నానాల గదీ అమర్చిన మోటార్‌హోమ్‌లో యేడాది పొడుగునా తిరుగుతూ వుంటారు. ఒహాయోలో వుంటున్న మాకూ ఆ ముచ్చట పుట్టింది. బేరానికొచ్చిన బండికి ఇంజను వెనకాల వుంది, నడిచేది గ్యాస్‌తో. వంటగ్యాసనుకునేరు! ఇక్కడివాళ్ళు పెట్రోలునే అల్లా అంటారు.

సాధారణంగా పెట్రోలు మోటార్‌హోమ్‌లకు ఇంజను ముందు, డ్రైవరు పక్కనే వుంటుంది. కొండ యెక్కేటప్పుడు ఆ రొదలో ఆలుమగలు మాట్లాడుకోవాలంటే కేకలు వెయ్యాలి. కాళ్ళకు సెగ సరేసరి. ఇంజను వెనక్కు పోతే ముందుభాగం హాయిగా వుంటుంది. డీజిలు బండికంటే వెలా తక్కువే. ఇది మా ఆవిడ వాదన, కాదనడానికి లేదు.

నా లెక్క వేరు. ఇంజనుతోపాటు రేడియేటరూ వెనక్కే పోతుంది; ఎదురుగాలి తగలదు గనుక ఫ్యానే దిక్కు. టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ నూటికి సుమారు 3 వంతుల సత్తువ పోగొట్టుకుంటుంది. కొలరాడోలో ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన వుంది. అక్కడికి చేరేసరికి మూడోవంతు పోయినట్టే. ఇక బరువు చూడండి. 80 గాలన్ల తొట్టి నింపితే నీళ్ళే 300 కిలోలు! ఆపైన బియ్యం బస్తా, గ్రైండరు, ఆవకాయ జాడీలు. వెనక ఇరుసు అప్పటికే ఇంజను మోస్తోంది గదా.

అన్నిటికంటే పెద్ద చిక్కు విడిభాగాలు. దీని ఛాసిస్ వర్క్‌హార్స్ కంపెనీవారి యు.ఎఫ్.ఓ. రకం, ఇంజను జనరల్ మోటార్స్‌వారి 8.1 లీటర్లది. ఆ ఇంజను తయారీ 2009లో ఆగింది. ఛాసిస్ కర్మాగారం మూసేస్తున్నట్టు యజమాని సంస్థ నావిస్టార్ 2012లో ప్రకటించింది. ఇంజను చాలా ట్రక్కుల్లో వాడిందే గనుక దాని భాగాలు దొరకవచ్చు; ఆ ఛాసిస్‌కే ప్రత్యేకమైనవి మాత్రం వెతుక్కోవాలి. సరదాకి తిరిగేవాడి బండి షెడ్డులో పడితే సెలవులు పాడవుతాయి, అంతే. అందులోనే కాపురమున్నవాడికి పడకా, పొయ్యీ, మందుల పెట్టే అన్నీ షెడ్డులో పడతాయి.

అంచేత ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. ఇల్లు అమ్మం, అద్దెకిస్తాం. బండిని నీళ్ళతో, సామానుతో నింపి, ఇరుసు ఇరుసుకూ తూయించి, ఒక ఘాటు యెక్కించి చూస్తాం. రిపేరుకూ, ఆ రోజుల్లో హోటలు బసకూ కొంత సొమ్ము విడిగా మిగిలే వెలకు వస్తేనే కొంటాం.

అమ్మేవాడింకా బదులు చెప్పలేదు. మా ఆవిడ అప్పుడే కర్టెన్లకు బట్ట చూస్తున్నది.