పది చేతుల వంట, రెండు చేతుల వంటిల్లు

"ఎంత చేసినా హోటల్లో లాగా రాలేదే!"

ఈ మాట వినని ఇల్లాలు ఉండదేమో. పోయిన ఏడాది మా ఇంట్లోనూ వినబడింది. మా ఆడపడుచు, ఆవిడ పిల్లలు భోజనానికి వస్తున్నారని పెద్ద హోటల్ వంటల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని పనీర్ మఖనీకి దిగాను. పుస్తకంలో అది ఒక్క పేజీ. అబ్బ, ఎంత సులువో అనుకున్నాను. తీరా చూస్తే మొదటి వరసలోనే 'మఖనీ గ్రేవీ రెండు కప్పులు' అని ఉంది. ఆ గ్రేవీ ఎలా చేయాలో ఇంకో పేజీలో. అక్కడికి వెళ్తే జీడిపప్పు ముద్ద, దానికి మరో పేజీ. ఉదయం ఎనిమిదింటికి మొదలుపెడితే ఒంటిగంటన్నర దాటింది. చివర్లో క్రీమ్ పోసేసరికి అది కాస్తా విరిగి, ఎర్రటి గ్రేవీలో తెల్లగా పలుకులు తేలాయి.

"బాగానే ఉంది వదినా" అంది మా ఆడపడుచు. ఆ 'బాగానే'లో ఏముందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మావాడు మాత్రం దాచుకోలేదు, పైన రాసిన మాట అనేశాడు. ఆ రాత్రి సింకు నిండా ఉన్న గిన్నెలు తోముకుంటూ, తప్పు నాదే, నాకే చేతకాలేదు అనుకున్నాను.

తీరిగ్గా ఆలోచిస్తే అది చేతకానితనం కాదనిపించింది. ఆ వంటకం అసలు ఒక్క మనిషి చేయడానికి పుట్టింది కాదు.

పెద్ద హోటళ్ల వంటిళ్లు నడిచే తీరుకి ఒక చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర ఎస్కోఫియే అనే ఫ్రెంచి వంటమాస్టరు లండన్‌లోని సవాయ్ హోటల్లో పనిచేశాడు. అంతకుముందు సైన్యంలోనూ వండిపెట్టిన మనిషి. సిపాయిల దళం లాగే వంటవాళ్లకీ పని విభజించాడు. సాస్‌లకి ఒకరు, వేపుళ్లకి ఒకరు, కూరగాయలకి ఒకరు, తీపి వంటలకి ఇంకొకరు. ఈనాటికీ పెద్ద హోటళ్లు చాలావరకు ఆ దారినే నడుస్తున్నాయి. మన దేశంలోని హోటళ్లలో అయితే టమాటా గ్రేవీ, ఉల్లిపాయ గ్రేవీ, జీడిపప్పుతో తెల్ల గ్రేవీ ముందే పెద్ద గిన్నెల్లో సిద్ధంగా ఉంటాయి. మనం ఆర్డరు ఇచ్చాక జరిగేది ఆఖరి పది నిమిషాల పని. తరిగేవాళ్లు వేరు, రుబ్బేవాళ్లు వేరు, గిన్నెలు తోమేవాళ్లు వేరు. పది చేతుల మీదుగా వచ్చిన ఆ గిన్నెని రెండు చేతులున్న మనిషి వంటతో పోల్చి, రాలేదే అంటే ఎలా?

అలాగని హోటల్ వంటలు ఇంట్లో చేయడం మానేద్దామని కాదు నేననేది. నోరు మనకీ ఉంది, ముచ్చట మనకీ ఉంది. కాకపోతే పుస్తకంలో రాసిన ప్రతి పనినీ 'ఇది ఎలా చేయాలి' అని అడిగే ముందు 'ఇది ఎందుకు చేస్తున్నారు' అని అడగాలి. జవాబు దొరికితే మన వంటింట్లో దానికి బదులు దొరుకుతుంది.

ఢిల్లీలోని ఐటీసీ మౌర్య హోటల్లో 'బుఖారా' భోజనశాల ఉంది. అక్కడి దాల్ బుఖారా దేశదేశాల వాళ్లకి తెలుసు. నల్ల మినుములు, టమాటాలు, అల్లం, వెల్లుల్లి, వెన్న, క్రీమ్... పెద్ద రహస్యమేం లేదు. రహస్యమంతా రాత్రంతా తందూరు సెగ మీద ఉడకడంలోనే ఉంది. మనం రాత్రంతా గ్యాస్ వెలిగించి ఉంచగలమా? సిలిండరు ధర గుర్తొస్తేనే గుండె ఝల్లుమంటుంది.

ఇంతకీ రాత్రంతా ఎందుకు ఉడికిస్తారు? మినుము మెత్తబడి, అందులోని జిగురు, పిండి నీళ్లలోకి దిగి చిక్కబడాలని. మెత్తబడే పని కుక్కర్‌కి అప్పజెప్పవచ్చు. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీలకి చేరుతుంది. కప్పు నల్ల మినుములు రాత్రి నానబెట్టి, పొద్దున నాలుగైదు నీళ్లలో రుద్ది కడిగి, నాలుగు కప్పుల నీళ్లు పోసి మొదటి విజిల్ వచ్చాక సన్నసెగన అరగంట, ముప్పావుగంట ఉంచండి. టమాటా ముందే వేయకండి, ఆ పులుపుకి మినుము త్వరగా మెత్తబడదు. ఉడికాక మూడు టమాటాల గుజ్జు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు, ఒక యాభై గ్రాముల వెన్న వేసి సన్నసెగన ఇంకో గంట వదిలేయండి. మధ్యమధ్య గరిటెతో గిన్నె అంచుకి మెదుపుతూ, గట్టిపడితే వేడినీళ్లు పోస్తే సరి. బుఖారా పప్పు అవుతుందా అంటే అవదు. కానీ నలుగురైదుగురు గిన్నె ఊడ్చి తినే పప్పు అవుతుంది.

ఈ సన్నసెగ విద్య మనకి కొత్తదా ఏమిటి? మా అమ్మమ్మ వాళ్లింట్లో దాలి ఉండేది. పిడకల సెగ మీద పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ కట్టేది. ఢిల్లీ హోటల్ తందూరు మీద చేసేదీ, అమ్మమ్మ దాలి మీద చేసిందీ ఒకటే పని.

ఇక నా క్రీమ్ ఎందుకు విరిగిందంటే, కుతకుత ఉడుకుతున్న పుల్లటి గ్రేవీలో ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్ గుమ్మరించాను కనుక. స్టవ్ ఆపి, రెండు గరిటెల గ్రేవీని ముందు క్రీమ్‌లో కలిపి, తర్వాత దాన్ని గిన్నెలో పోస్తే ఆ గొడవే ఉండదు. తందూరు పొగ వాసన కావాలా? చిన్న గిన్నెలో నిప్పులాంటి బొగ్గుముక్క పెట్టి కూర మధ్యలో ఉంచి, చుక్క నెయ్యి వేసి రెండు నిమిషాలు మూతపెడితే చాలు. కిటికీలు మాత్రం తెరిచి ఉంచండి, మూసిన గదిలో బొగ్గు పొగ ప్రమాదం. కొన్నిటికి బదులు లేదు. పళ్లెం మీద బొమ్మలు గీసినట్టు పోసే సాస్‌లు, ఒక్క చెంచా కోసం కొనే ఖరీదైన సీసాలు... వాటిని నిశ్చింతగా వదిలేయవచ్చు. ఆ సీసాలు తర్వాత అలమరలో దుమ్ము పట్టడం మనం చూడనిదా?

అన్నిటికంటే పెద్ద తేడా సరుకుల్లో కాదు, చేతుల్లో ఉంది. హోటల్ రుచి కావాలన్నవాళ్లు హోటల్ పద్ధతి కూడా తేవాలి కదా! ఒకరు ఉల్లిపాయలు తరగాలి, ఒకరు టమాటాలు గుజ్జు చేయాలి, తిన్నాక ఒకరు గిన్నెలు తోమాలి. మా ఇంట్లో ఇప్పుడు ఇదే షరతు. గ్రేవీ నేను ముందురోజే చేసి పెడతాను, మర్నాటి తరుగుడు శ్రీవారిది, గిన్నెలు మావాడివి. తరిగినవాడికి వంకలు పెట్టే ఓపిక ఉండదని కూడా ఈ పద్ధతిలోనే తెలిసింది.

వంటల పుస్తకాలు రాసే, టీవీల్లో చేసి చూపించే చెఫ్‌లకీ ఒక విన్నపం. అయ్యా, మీ వంటకాన్ని మాకిచ్చే ముందు రెండు పొయ్యిల స్టవ్ మీద, సహాయకులు లేకుండా, ఒక్కసారి వండి చూడండి. ఎంతసేపు పట్టిందో, ఎన్ని గిన్నెలు అయ్యాయో నిజం రాయండి. యాభై మందికి చేసే కొలతని పదితో భాగించి ఇస్తే సరిపోదు. చిన్న గిన్నెలో నీళ్లు ఇగిరే తీరు వేరు, ఉప్పూకారాల లెక్క వేరు.

మనం కూడా ఈసారి హోటల్ వంట కుదరకపోతే, ముందు మనల్ని మనం తిట్టుకోవడం మానేద్దాం. ఆ పుస్తకం మన వంటిల్లు చూసి రాసిందా, లేదా అని అడుగుదాం.

ఏమంటారు?