సేవ మనకు కొత్త కాదు, వెట్టి కూడా కొత్త కాదు

పోస్టు పొడుగైంది. అయినా చివరిదాకా చదవండి. ఇంట్లో తొమ్మిది, పది చదివే పిల్లలున్నోళ్ళు తప్పకుండా చదవాలె.

మన గోండు పెద్దలు కలిస్తే "జై సేవా" అంటరు. లంబాడీలు "జై సేవాలాల్" అంటరు. పలకరింపులోనే సేవ ఉన్నోళ్ళం మనం. అసొంటి మనకు సేవ అంటే ఏందో నేర్పుతామని ఇప్పుడు బడులు బయల్దేరినయి.

సంగతేందంటే, పాతబస్తీలో ఒక ప్రైవేట్ హైస్కూలు తొమ్మిదో తరగతి పిల్లలకు 30 గంటల "స్వచ్ఛంద సేవ" తప్పనిసరి చేసింది. ఏదన్నా సంస్థ ముద్ర, ఫొటోలు, ఒక రికార్డు నోట్‌బుక్ తేవాలె. తేకపోతే ఇంటర్నల్ మార్కులు కోస్తరట. ఆ క్లాసులో మన చెల్లె ఒకామె ఉంది. దేవరకొండ దిక్కు నుంచి వలసొచ్చిన కుటుంబం. అమ్మ పొద్దున ఆరింటికే లేబర్ అడ్డా మీద నిలబడుతది. నీళ్ళు పట్టేది, వంట చేసేది, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపేది ఈ చెల్లెనే. సాయంత్రం పక్కింటి ముసలమ్మకు మందులు తెచ్చిచ్చేది కూడా ఈమెనే. ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకొని పోతే "ఇది ఇంటిపని, సేవ కాదు" అని వాపస్ ఇచ్చిండ్రు. అదే క్లాసులో ఇంకో పిల్లగాడు చార్మినార్ దగ్గర కొత్త చీపురు పట్టుకొని ఫొటో దిగిండు. వాళ్ళ నాన్న దోస్తు ట్రస్టు ముద్ర గుద్దిచ్చిండు. 30 గంటలు పూర్తి!

ఆ పిల్లగాని మీద మాకు కోపం లేదు. కోపమంతా ఆ లెక్క మీద.

స్వచ్ఛందం అంటే ఎవరిష్టంతో వాళ్ళు చేసేది. చేయకపోతే మార్కులు కోస్తామన్నంక అది స్వచ్ఛందం ఎట్లయితది? "తప్పనిసరి స్వచ్ఛంద సేవ" అంటే తడి నిప్పు అన్నట్టే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1959లోనే సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ హైస్కూలు దాటి కాలేజీకి పోయేటోళ్ళంతా తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా జాతీయ సేవ తప్పనిసరిగా చేయాలన్నది. ఖర్చు, అమలు కష్టమని అది ఆగింది. తర్వాత వేరే దేశాల పద్ధతులు చూసొచ్చిన కె.జి. సైయదైన్, ఇష్టమున్నోళ్ళతోనే చేయించాలని చెప్పిండు. చివరికి 1969లో ఎన్ఎస్ఎస్ వచ్చింది. అందులో చేరాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం. మాలో కొందరం డిగ్రీలో అందులో చేరినోళ్ళమే. రెండేళ్ళలో 240 గంటలు చేసినం. ఊళ్ళల్ల క్యాంపులకు పోయినం, మస్తు నేర్చుకున్నం. ఎవరూ మెడ పట్టి తోయలేదు కాబట్టే నేర్చుకున్నం.

"అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో 75 గంటలు, కెనడా ఒంటారియోలో 40 గంటలు చేస్తేనే హైస్కూలు డిప్లొమా ఇస్తరు, మనకేం నొప్పి?" అని గ్రూపులోనే ఒక అన్న అడిగిండు. అన్నా, వాళ్ళ పద్ధతి మంచిదా కాదా అన్నది వాళ్ళు తేల్చుకుంటరు. మన చరిత్ర వేరు. ఈ నగరం నుంచి నిజాం పాలించిన రోజుల్లో మన తాతలు అటవీ అధికారులకు, పట్వారీలకు, దొరలకు కూలి లేకుండా మూటలు మోసిండ్రు. దాని పేరు వెట్టి. అందుకే రాజ్యాంగం 23వ అధికరణలో వెట్టిని నిషేధించింది. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ పెట్టొచ్చని అదే అధికరణ అంటది. కానీ అందులో మతం, జాతి, కులం, వర్గం పేరుతో వివక్ష ఉండొద్దని కూడా అంటది. ఆ రెండో మాట ఎవరూ గుర్తు చేయరు. మనమే గుర్తు చేయాలె.

వివక్ష ఎక్కడుందని అడుగుతరా? హాస్టళ్ళల్ల చదివినోళ్ళు చెప్పండి. బియ్యం బస్తాలు దింపిందెవరు? వంటమనిషి రాని రోజు కూరగాయలు కోసిందెవరు? బాత్‌రూములు కడిగిందెవరు? మేము కడిగినం. దానికి ఎవరూ సర్టిఫికెట్ ఇయ్యలేదు. రేపు ఈ రూలు అన్ని బడులకు వస్తే ఏమైతదో మాకు తెలుసు. పెద్ద బడుల పిల్లలకు కెమెరా, మన పిల్లలకు చీపురు. స్వీపర్ పోస్టు నింపకుండా "పిల్లల సేవ" అని రాసుకుంటరు.

2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లను జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు వాడొద్దంటది. సార్లకు ఆ రక్షణ ఉండటం మంచిదే. మరి పిల్లల టైముకు విలువ లేదా? ఇదే పాతబస్తీలో 2015 జనవరిలో గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండొందల మందికి పైగా పిల్లల్ని విడిపించిండ్రు. పిల్లల చేత పని చేయించుడు అలవాటైపోయిన చోట, ఇంకో పనిని మార్కులకు కట్టేముందు వంద సార్లు ఆలోచించాలె.

పిల్లలు సేవ చేయొద్దని మేము అంటలేం. 2020 అక్టోబర్ వరదల్లో హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ మునిగినప్పుడు బస్తీ పోరగాళ్ళు నడుము లోతు నీళ్ళల్ల అన్నం పొట్లాలు మోసిండ్రు. ఎవరు ముద్ర గుద్దిండ్రు వాళ్ళకు? సేవ అంటే అది.

అందుకే మా డిమాండ్లు ఇవి:

1. సేవ ఇష్టంతోనే ఉండాలె. చేయనందుకు మార్కులు కోయొద్దు.
2. చేసినోళ్ళకు గుర్తింపు ఇస్తే, ఇంట్లో తమ్ముళ్ళను, ముసలోళ్ళను చూసుకునే పిల్లల పనినీ లెక్కలోకి తీసుకోవాలె.
3. బడి, హాస్టల్ పారిశుధ్యం, వంట, బరువులు మోసుడు సేవ కిందికి రావొద్దు. ఆ పనులకు జీతమిచ్చి మనుషుల్ని పెట్టాలె.

మీ పిల్లల బడిలో ఇసొంటి నోట్‌బుక్ అడిగితే కింద రాయండి. పిల్లల పేర్లు వద్దు, ఏం పని చేయించిండ్రో చాలు. అన్నీ పోగేసి అర్జీ రాద్దాం. ముందు మాత్రం ఆ చెల్లె నోట్‌బుక్ పట్టుకొని వాళ్ళ అమ్మతో పాటు మేమే బడికి పోతున్నం. ఆ అమ్మకు ఒక రోజు కూలి పోతది. ఆ గంటలు ఎవరి లెక్కలో రాస్తరో హెడ్‌మాస్టర్‌నే అడుగుతం.

జై సేవా. జై సేవాలాల్. వెట్టికి మాత్రం జై కొట్టం.