ఓర్ఛాలో తలెత్తి చూడండి

మధ్యప్రదేశ్‌లో, ఝాన్సీకి చేరువలో, బేత్వా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఓర్ఛా. బుందేలా రాజు రుద్రప్రతాప్ సింగ్ 1531లో దీనికి పునాది వేశాడు. 1783లో రాజధాని టీకమ్‌గఢ్‌కు తరలిపోగా, జహంగీర్ మహల్ వంటి మేడలూ, నదీతీరాన రాజుల స్మారక మండపాలైన ఛత్రీలూ మిగిలాయి. రామరాజా ఆలయంలో శ్రీరాముణ్ణి రాజుగా కొలుస్తారు. పోలీసులు నేటికీ ఆయనకు గౌరవ వందనం చేస్తారు.

యాత్రికులు కోట చూసి, నదిలో పడవ షికారు చేసి, ఛత్రీల నీడలో సేదతీరుతారు. తలెత్తి చూసేవారు తక్కువ. ఆ శిఖరాల గూళ్ళలో రాబందులు కాపురముంటాయి. మనుషులు విడిచిన మేడలే వాటికి కొండచరియలు.

1990ల నుంచి దేశంలో ఈ జాతి నూటికి తొంభై పాళ్ళకు పైగా నశించింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొడుతున్నదని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది.

రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పోయిన సంతతి త్వరగా తిరిగి రాదు. కనుక చలికాలంలో అక్కడికి వెళ్ళేవారు గూళ్ళ దగ్గర సద్దుచేయకపోవడం మర్యాద. పాత గోడలకు మరమ్మతు చేసేవారు ఆ గూళ్ళను సైతం కట్టడంలో భాగంగానే ఎంచడం న్యాయం.