గేటు ఎన్నింటికి మూస్తారు?

మీడియా, కళల కోర్సుల్లో ఏ యూనివర్సిటీ మంచిదని అమ్మాయిలు అడుగుతుంటారు. ఉస్మానియా జర్నలిజం విభాగానిది 1954 నాటి చరిత్ర. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, నాట్యం, రంగస్థలం, చిత్రకళ ఒకే స్కూలు కింద ఉన్నాయి. తిరుపతి పద్మావతి విశ్వవిద్యాలయం 1983లో స్త్రీల కోసమే పుట్టింది. ఫీజులూ కెమెరాలూ పోల్చడానికి బ్రోషర్లు చాలు.

నేను అడగమనేది వేరు. ఎడిటింగ్ గది ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది? ఆడపిల్లల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? ఎడిటింగ్, రిహార్సళ్ళు రాత్రిళ్ళు సాగే పనులు. గేటు ఎనిమిదింటికే పడితే, ఒకే ఫీజు కట్టి అబ్బాయి మొత్తం కోర్సు చదువుతాడు, అమ్మాయి సగమే చదువుతుంది. గ్రూపు ప్రాజెక్టులో కెమెరా అతనికీ యాంకరింగ్ ఆమెకీ దక్కడం దీని కొనసాగింపే. భద్రత పేరుతో స్త్రీల హాస్టళ్ళకి వివక్షతో కూడిన నియమాలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలే అంటున్నాయి. (వార్డెన్లకి చూపిస్తే తల్లిదండ్రుల పేరు చెప్తారు!)

ఇంటర్న్‌షిప్ సంగతీ అంతే. 2013 లైంగిక వేధింపుల చట్టం ట్రైనీలకీ వర్తిస్తుంది. పంపే ముందే అక్కడి ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారో విభాగం కనుక్కుని అమ్మాయి చేతికి రాసివ్వాలి. ఇవ్వని విభాగానికి ఎంత పెద్ద స్టూడియో ఉన్నా, నా లెక్కలో అది వెనకే.