పేరున్న సాఫ్ట్‌వేర్ కాదు, సహీ హిసాబ్ కావాలి



మా ఆపా కూతురు ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతోంది. మొన్న జుమ్మా రోజు ఇంటికొచ్చి, "మామూ, ప్రాజెక్టుకి మ్యాట్‌ల్యాబ్ కావాలి. హాస్టల్‌లో అందరూ క్రాక్ కాపీయే వాడుతున్నారు. నేనూ వేసుకోనా?" అని అడిగింది. పక్కనున్నవాళ్లు "చదువు కోసమే కదా, పర్వాలేదు" అనేశారు. నాకు ఆ మాట రుచించలేదు. హరామ్ పైసా ఇంట్లోకి రానివ్వని మనం, దొంగ కాపీతో ఇల్మ్ సంపాదిస్తే జాయజ్ ఎట్లా అవుతుంది?

ముందు దాని ముష్కిల్ ఏంటో చూశాను. లెక్కలో పది వేరియబుల్స్ ఉన్నాయి. ఒక్కోదానికి పది విలువలు తీసుకుంటే రెండింటికి వంద లెక్కలు, పదింటికి 1,000 కోట్లు. ఒక్కో జవాబుకి 8 బైట్లనుకున్నా, దాచడానికే 80 జీబీ. రిచర్డ్ బెల్‌మన్ అనే గణితవేత్త దీనికి ‘డైమెన్షన్ల శాపం’ అని పేరు పెట్టాడు. లక్షలు పోసి కొన్న ప్యాకేజీ కూడా ఈ శాపాన్ని తీసెయ్యలేదు. తరీఖా మార్చుకోవాల్సిందే.

దేగ్‌లో బిర్యానీ ఉడికిందో లేదో చూడ్డానికి దేగంతా తినం. అక్కడక్కడ నాలుగు మెతుకులు చూస్తాం. మాంటీ కార్లో పద్ధతీ అంతే. నమూనాలు వంద రెట్లు పెంచితే గల్తీ పదో వంతుకి దిగుతుంది. డైమెన్షన్లు ఎన్నున్నా ఆ రేటు మారదు.

ఇక పనిముట్లు. మ్యాట్‌ల్యాబ్‌లో టూల్‌బాక్సులు, వివరణలు చాలా బాగుంటాయి. యూనివర్సిటీ లైసెన్స్ ఇస్తే బేఫికర్‌గా వాడుకోండి. లేదంటే గ్నూ ఆక్టేవ్ ముఫ్త్. మ్యాట్‌ల్యాబ్ కోడ్ చాలావరకు అందులో నడుస్తుంది, టూల్‌బాక్సులన్నీ మాత్రం దొరకవు. పైథాన్‌లో నమ్‌పై, సైపై ఉన్నాయి. అవీ ముఫ్తే. మామూలు లూపులు నెమ్మది కాబట్టి లెక్కని అర్రేల్లో రాయడం నేర్చుకోవాలి. 2012లో బయటికొచ్చిన జూలియాలో లూపులు కూడా జోరుగా పోతాయి, మొదటిసారి నడిపినప్పుడు కాస్త సబర్ కావాలి. పెద్ద మ్యాట్రిక్స్ లెక్కల్ని వీటన్నిటి లోపలా చేసేది ఎక్కువగా బ్లాస్, ల్యాప్యాక్ లైబ్రరీలే. అందుకే అక్కడ వేగంలో జమీన్ ఆస్మాన్ ఫరక్ ఉండదు.

ఏది వాడినా, జవాబు ముందే తెలిసిన లెక్కతో పరీక్షించడం ఫర్జ్ అనుకోండి. వ్యాసార్థం 1 ఉన్న పది డైమెన్షన్ల గోళం ఘనపరిమాణం సుమారు 2.55. దాని చుట్టూ ఉన్న డబ్బా 1,024. అంటే డబ్బాలో వెయ్యి చుక్కలు వేస్తే గోళంలో పడేవి రెండో మూడో. తక్కువ చుక్కలతో వచ్చిన జవాబుని నమ్మితే ఎంత ధోకా తింటామో దీంతోనే తెలిసిపోతుంది. ఈ సమఝ్‌ని ఏ లైసెన్సూ అమ్మదు, ఏ క్రాక్ కాపీ ఇవ్వదు.

బేటీ ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటోంది. మీ పిల్లలు కూడా ఇదే అడిగితే "ఫలానాది కావాలంట" అని కంగారుపడకండి. "నీ లెక్కలో డైమెన్షన్లు ఎన్ని? జవాబు సహీ అని ఎట్లా తెలుస్తుంది?" అని అడగండి. హలాల్ దారి దగ్గర్లోనే దొరుకుతుంది, ఇన్షా అల్లాహ్.