నిందకు ముందు, కీర్తికి వెనుక

పదవి వేరు, నాయకత్వము వేరు. పదవి నొక యుత్తరువుచే నొసంగవచ్చును. నాయకత్వమును మాత్రము తోడివారి హృదయములే యొసంగవలెను. విద్యయు, శ్రమయు మనుజుని మెట్లెక్కించును. ఎక్కినచోట నిలుపునవి మనోనిబ్బరము, నిరహంకారము, సాటివాని నొప్పి నెఱుగు గుణము. ఇందులకు మన తెలుగు తీరముననే సాక్ష్యము కలదు.

1979 ఆగస్టు 10వ తేదీని శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు మొదటిసారి యెగసెను. 22 మీటర్ల యెత్తు, 17 టన్నుల బరువు గల యా వాహనము, రెండవ యంచె నియంత్రణ వ్యవస్థ చెడుటచే, కొలది నిమిషములలోనే బంగాళాఖాతమున గూలెను. ఆ ప్రణాళికకు నిర్దేశకులు అబ్దుల్ కలాముగారు. కాని యానాడు పత్రికలవారి ప్రశ్నల కెదురు నిలిచినవారు ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు. వైఫల్యభారమును దామే వహించి, తమవారియందు తమకు విశ్వాసము కలదని చాటిరి. 1980 జూలై 18వ తేదీని అట్టి వాహనమే 35 కిలోల రోహిణిని కక్ష్యయందు నిలిపినప్పుడు, పత్రికలవారితో మాటలాడుటకు కలాముగారినే ముందునకు బంపిరి. 2002 నుండి శ్రీహరికోట కేంద్రము ధావన్ గారి పేరనే వెలయుచున్నది.

ఇంతకంటె చిన్న సంగతి యొకటి కలదు. మాకది మఱింత గొప్పదిగా దోచుచున్నది. రాకెట్టు గూలిన దినమున కలాముగారు అలసి గదిలో నిద్రించుచుండగా, పై యధికారియగు బ్రహ్మప్రకాశ్ గారు తాము భుజింపక, ఆయన లేచువఱకు వేచియుండి భోజనమునకు బిలిచిరి. ఈ విషయమును కలాముగారే తమ ఆత్మకథలో స్మరించిరి. సంజాయిషీ యడుగవలసిన వేళ ఆకలి యడిగిన యధికారులు మన కెందఱు కలరు?

దీనిని కేవలము దయాగుణమని తలచుట పొరపాటు. ఇది కార్యసాధన మార్గము. తప్పు చెప్పినవానికి దండన తప్పదని తెలిసినచోట తప్పు దాగును, దాగినది పెరుగును. శ్రీహరికోటలో లోపమును మన్నింపలేదు, శోధించి సవరించిరి. మనుష్యుని మాత్రము విడువలేదు. ఈ రెంటికి గల భేదము నెఱిగినవాడే నాయకుడు.

నేడు మన కార్యాలయములయందు జరుగుచున్నదేమి? లాభము వచ్చిన పై యధికారి ప్రజ్ఞ. నష్టము వచ్చిన క్రిందివాని యజాగ్రత్త. ఆడలేక మద్దెల యోడన్న సామెత యిచ్చట నిత్యసత్యము. ఆ నింద మోసిన యువకుడు నిద్రాహారములు మాని, ఇంటివారితో సైతము మాట తగ్గించి, లోలోన క్రుంగుచున్నాడు. ఓటమిలో మనస్సు చెదరుట పిరికితనము కాదు, మనుష్యధర్మము. దానిని దాచుకొమ్మని బోధించుటయే దోషము. నలుగురితో జెప్పుకొన్న దుఃఖము సగము తీరును. చెప్పుకొన వీలులేని కొలువు, జీత మెంతయైనను, చెఱయే.

ఉన్నతపదవుల నాశించు యువజనులారా! శాస్త్రములతోబాటు స్వచిత్తమును గూడ జదువుడు. ఇప్పటికే పదవులందున్న పెద్దలారా! నింద వచ్చిన దినమున మీరెచ్చట నిలిచితిరి, కీర్తి వచ్చిన దినమున నెవరిని ముందు నిలిపితిరి అను రెండు ప్రశ్నలకు మీ క్రిందివారు లోలోన నుత్తరములు వ్రాసికొనుచునే యుందురు. మీ నాయకత్వమునకు యోగ్యతాపత్రము అదియే.